ఆగిన చోట రాయి

వెల్దుర్తి మండలం,
3-9-2017

అమ్మాయ్ ప్రశాంతీ,

ఇక్కడ అందరం ఉన్నాం. బాగున్నామా అనేది వానని బట్టి ఉంటది.

పూణేకి ఫోను చెయ్యక ఉత్తరాలేందని మీ అమ్మ మళ్ళీ అడిగింది. మా ఊళ్ళో సిగ్నల్ అందాలంటే వాటర్ ట్యాంకు మెట్లెక్కాలి. ఎక్కినోడు మాట్లాడటానికి ఎక్కాడా దూకటానికి ఎక్కాడా అని కింద జనం మూగుతారు. అదీగాక నువ్వు హాస్టల్లో ఉన్నప్పటి నుంచీ రాసుకుంటన్నాం. ఇప్పుడు మానేస్తే మేనమామకీ మేనకోడలికీ చెడిందని పోస్ట్‌మన్ ఊరంతా చెప్తాడు.

మొన్న నర్సరావుపేటలో పెళ్ళికి పోతే పెద్దాయన ఒకాయన, మీ అక్క కూతురు ఏం చదువుతందని అడిగాడు. లోకంలో నూటికి డెబ్భై పాళ్ళు ఏందో తెలియని సరుకు ఉందంట, అది ఏందో కనిపెట్టే చదువు అని చెప్పా. ఆయన బాగా ఆలోచించి, గవర్నమెంటు ఉద్యోగం వస్తదా అన్నాడు.

నీ పోయిన ఉత్తరం నాలుగు సార్లు చదివా. ఆకాశంలో అన్నీ ఒకదానికొకటి దూరంగా జరిగిపోతన్నయ్. ఆ జరగటం కూడా పోనుపోను వేగమైతంది. తోసేది మాత్రం ఎవరికీ కనపడదు. దానికి డార్క్ ఎనర్జీ అని పేరు పెట్టుకుని ఒక్కొక్కరు ఒక్కో మోడల్ చెప్తన్నారు. నాలుగేళ్ళ నుంచి నీదొక మోడల్. ఇదీ నాకర్థమైంది. అమ్మాయ్, ఇట్టా చూస్తే మనిద్దరిదీ ఒకే పని. నేను అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని చేలో నడుస్తా. నీళ్ళున్న చోట కాయ లేచి నిలబడుద్ది. అక్కడ ఆగి, గుర్తుకి రాయి పెట్టించి, బోరు వెయ్యమని పాయింటు పెడతా. నువ్వు కాయ బదులు కంప్యూటర్ పట్టుకున్నావ్.

ఓ పాజిటివ్ రక్తం ఉన్నోళ్ళకే కాయ లేస్తదని మన పక్క అందరి నమ్మకం. పోయినేడు మీ అత్త ఆపరేషనుకి రక్తం ఇద్దామని పోతే నాది బి పాజిటివ్ అని తేలింది. ఈ సంగతి నాకూ ల్యాబు అతనికీ ఇప్పుడు నీకూ తెలుసు.

కోటేశ్వరరావు పోయి ఈ నెలకి రెండేళ్ళు. ఆయన చేలో మూడు పాయింట్లూ నేను పెట్టినయ్యే. మూడింట్లోనూ నీళ్ళు పడక పొడి లేచింది. నాలుగోది అడగకుండా మిరపచేలోకి పోయి పురుగుల మందు తాగాడు. ఆయన భార్య ధనలక్ష్మి ఎప్పుడు ఎదురుపడినా, అన్నయ్యా తిన్నావా అని అడుగుతనే ఉంటది. ఆ అడగటాన్ని తట్టుకోలేక వాళ్ళ చేను మీదుగా పోవటం మానేసి డొంక చుట్టూ తిరుగుతన్నా. ఈ పాయింట్లు పెట్టటం ఇక మానాలా వద్దా అని రెండేళ్ళుగా అనుకుంటన్నా. అనుకుంటా ఉండగానే ఎవరో ఒకరొచ్చి పిలుస్తారు. కాయ తీసుకుని లేస్తా.

నీ మోడల్‌కి పరీక్ష దగ్గరపడిందని రాశావ్. ఎవరు పెడతారు ఆ పరీక్ష? తెలిసినోళ్ళేనా?

మీ అత్త చెన్నమ్మ కారప్పొడి పంపిస్తానంటంది. డబ్బా దొరకలేదంట.

నీ బి పాజిటివ్ మావయ్య,
పుల్లారావు


పూణే,
22-10-2017

మావయ్యా,

పరీక్ష అయిపోయింది. నా మోడల్ పోయింది.

నీకు అర్థమయ్యేట్టు రాయటానికి ప్రయత్నిస్తా. రాస్తే నాకూ నమ్మకం కుదురుతుందేమో.

చచ్చిపోయిన నక్షత్రాలు రెండు. ఒక్కోటి సూర్యుడి కంటే బరువు, వెడల్పు మాత్రం వెల్దుర్తి నుంచి మాచర్లకి ఉన్నంత. అవి ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి తిరిగి గుద్దుకున్నాయి. ఎప్పుడో పదమూడు కోట్ల ఏళ్ళ కిందట. అంత బరువు కదిలితే ఖాళీ జాగాలోనే ఒక అల పుడుతుంది. దాన్నే గురుత్వ తరంగం అంటాం. గుద్దుకున్నప్పుడు వెలుగు కూడా వచ్చింది. ఆ అల, ఆ వెలుగు రెండూ కలిసి బయల్దేరి మొన్న ఆగస్టు పదిహేడున మన భూమి మీదకి చేరాయి.

ఖాళీ అంతటా ఒక క్షేత్రం నిండి ఉందనీ, అన్నిటినీ దూరంగా తోసేది అదేననీ నా మోడల్. అది నిజమైతే దాని గుండా వచ్చే అల వేగం మారాలి. వెలుగుతో సమానంగా రాకూడదు. ఇంత దూరానికి లక్షల ఏళ్ళ తేడా ఉండాలి.

వచ్చిన తేడా 1.7 సెకన్లు.

పోయిన సోమవారం ఆ సంగతి లోకానికంతా చెప్పారు. హాల్లో అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. నిజంగానే గొప్ప కొలత. ఇంటర్వెల్లో మా సార్ టీ తెచ్చి నా ముందు పెట్టారు. నాలుగేళ్ళలో ఆయన నాకు టీ తేవటం అదే మొదలు. ఆ కప్పు చూశాక నాకు పూర్తిగా తెలిసింది. వారం తిరక్కుండానే ఎవరెవరి మోడళ్ళు పోయాయో పేర్లతో సహా పేపర్లు రాసేశారు. నాది రెండో పేజీలో ఉంది, ఒక్క లైను.

నిద్రపోతున్నాను, తింటున్నాను. అమ్మకి చెప్పొద్దు. అడిగితే పని జరుగుతోందని చెప్పు.

ప్రశాంతి


వెల్దుర్తి మండలం,
2-11-2017

అమ్మాయ్,

మీ అత్త అన్నం పెట్టి పిలుస్తనే ఉంది, నేను నీ ఉత్తరం పట్టుకుని అరుగు మీదే కూర్చున్నా.

సెకనూ ముప్పావు. ఏ నెలో, ఏ పక్షమో అనుకున్నా. మాచర్ల రైలు గంట ఆలస్యంగా వస్తే ఇవాళ టైముకొచ్చిందంటాం. పదమూడు కోట్ల ఏళ్ళ దారిలో సెకనూ ముప్పావు తప్పితే అది కూడా తప్పేనా? దానికి నాలుగేళ్ళ చదువు కొట్టేస్తారా? నువ్వు ఊఁ అంటే మన మండలం నాయకుడితో మీ సార్‌కి చెప్పిస్తా. మనోళ్ళు చెప్తే పూణేలో వింటారని కాదు. చెప్పించటం వరకూ మన చేతుల్లో ఉంది గదా.

ఇక నా అనుభవం చెప్తా విను. పాయింటు తప్పినప్పుడు ఏం మాట్లాడాలో ఇరవయ్యేడేళ్ళుగా నేర్చుకున్నా. ముందు బోరు వేసే లారీ మీద పెడతా, గొట్టం వంకరగా దిగిందని. లారీ మనిషి నోరున్నోడైతే, పదడుగులు తూర్పుకి వేసుంటే పడేదంటా. అప్పటికీ ముఖం తేటపడకపోతే పక్క చేనోడు లోతుగా వేసి జల లాక్కున్నాడంటా. పక్క చేనోడితో ఎట్టాగూ మాటలుండవు కాబట్టి ఇది వెంటనే నమ్ముతారు. నువ్వు కూడా అట్టాగే, ఆ నక్షత్రాలు పక్కకి వాలి గుద్దుకున్నయ్యేమో, ఇంకో జత గుద్దుకున్నాక చూద్దాం అని రాసెయ్. ఎట్టాగో ఒకట్టా రెండో బోరు దాకా లాగాలి. మనిషికి ఆశ అనేది ఉండాలి గదా.

మీ అమ్మకి పని జరుగుతందనే చెప్పా. నేను చెప్తే నవ్వులాటకి చెప్పానని నమ్మలా.

మావయ్య


పూణే,
15-11-2017

మావయ్యా,

నవ్వించటానికి రాశావని తెలుసు. నవ్వు రాలేదు.

1.7 ఎక్కువైనందుకు నా మోడల్ పోలేదు. తక్కువైనందుకు పోయింది. లక్షల ఏళ్ళు ఉండాల్సిన చోట రెండు సెకన్లు కూడా లేదు. దాన్ని ఎవరూ సర్దలేరు, మీ నాయకుడు కూడా.

ఆ పదడుగులు తూర్పు మాట నేను ఇంతకుముందే విన్నాను. రెండేళ్ళ కిందట సెలవులకొచ్చినప్పుడు, కోటేశ్వరరావు బాబాయ్ రెండో బోరు పొడి లేచిన రోజు. ఊరంతా ఉన్నారు అక్కడ. నువ్వు ఆయన భుజం మీద చెయ్యేసి, పదడుగులు తూర్పుకి వేసుంటే పడేది బావా అన్నావు. మూడోది ఆయన సరిగ్గా పదడుగులు తూర్పుకే వేశాడు. ఆశ ఉండాలి గదా అన్నావే, ఆ ఆశ అదే.

నా మోడల్ తప్పయితే తప్పని చెప్పే దారి ఉంది. ఇట్లా జరిగితే నేను తప్పు అని ముందే రాసి పెట్టాను, అట్లాగే జరిగింది. నువ్వు ఎప్పుడైనా అట్లా రాసి పెట్టావా? నువ్వు పెట్టిన వాటిలో ఎన్ని పడ్డాయో ఎన్ని పోయాయో ఒక్కసారైనా లెక్కపెట్టావా?

మనిద్దరిదీ ఒకే పని అని ఇంకెప్పుడూ రాయొద్దు.

ప్రశాంతి


వెల్దుర్తి మండలం,
11-12-2017

అమ్మాయ్ ప్రశాంతీ,

నెల దాకా జవాబు రాయంది కోపమొచ్చి కాదు. లెక్కపెడతన్నా.

నీ ఉత్తరం వచ్చాక మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలా. మీ అత్త మొదటి రోజు సంతోషించింది, మూడో రోజు భయపడింది. నాలుగో రోజు పాత డైరీ ఒకటి సంచిలో పెట్టుకుని టీవీఎస్ మీద బయల్దేరా. నేను పాయింటు పెట్టిన ప్రతి చేనుకీ పోయి, పడిందా లేదా, పడితే ఏడాది నిలిచిందా అని అడిగి రాసుకున్నా. బస్సెక్కి నూజెండ్ల దాకా పోయి వచ్చా.

పొడి లేచినోళ్ళ దగ్గర బండి స్టార్టులోనే ఉంచి అడిగా, తంతారేమోనని. అమ్మాయ్, ఒక్కడంటే ఒక్కడు తిట్టలా. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. నీళ్ళు పడినోళ్ళు నా చెయ్యి మంచిదన్నారు. పడనోళ్ళు వాళ్ళ నుదురు మంచిది కాదన్నారు. నేను ఇరవయ్యేడేళ్ళు ఈ పనిలో ఎట్టా నెగ్గుకొచ్చానో మజ్జిగ తాగుతా తాగుతా తెలుసుకున్నా.

ఆచూకీ దొరికినయ్ నూట పన్నెండు. నీళ్ళు పడినయ్ యాభై ఒకటి. సగానికి దగ్గరే గదా అని ఒక పూట సంతోషించా. తర్వాత, ఎవరూ పాయింటు పెట్టకపోతే ఎన్ని పడతయ్యో కూడా తెలియాలి గదా అనిపించింది. మాచర్లలో బోరు లారీలు మాట్లాడి పెట్టే అయాజ్ ఉన్నాడు. ఏ బోరు ఎక్కడ వేశారు, ఎంత లోతు, పడిందా లేదా అంతా అతని దగ్గర రాసి ఉంటది. ఇద్దరం కూర్చుని, ఎవరికీ చూపించకుండా లారీ తేలిగ్గా తిరిగే చోట వేయించుకున్నోళ్ళని ఏరాం. నలభై రెండు తేలినయ్. పందొమ్మిదింట్లో నీళ్ళు.

నూటికి నలభై అయిదు. నాదీ లెక్కేస్తే నూటికి నలభై అయిదు. నా చేతిలో ఉన్న మహిమ అంతా లారీ టైర్లలో కూడా ఉంది.

అయాజ్ నా ముఖం చూసి, నాకు ఎప్పుడో తెలుసు అన్నా అన్నాడు. మరి చెప్పలేదేందయ్యా అంటే, నువ్వొచ్చి ఇక్కడ వెయ్ అంటేనే వాళ్ళకి ధైర్యం, నువ్వు లేకపోతే నా లారీలు షెడ్డులో ఉంటయ్ అన్నాడు. టీ తెప్పించాడు. మీ సార్ ఇచ్చినట్టే.

కాయ లేచే మాట అబద్ధం కాదు. నేను లేపను, అదే లేస్తది. ఎక్కడ లేవాలో మాత్రం దానికి తెలియదు.

కోటేశ్వరరావు మూడూ డైరీలో ఎక్కించేటప్పుడు చానాసేపు పట్టింది. పదడుగులు తూర్పు అన్నది నేనే. నోటికొచ్చింది అన్నా. ఆయన ముఖం చూడలేక అన్నా.

ఇట్టా అయితే నేను తప్పు అని ముందే రాసి పెట్టావా అని అడిగావ్. ముందు రాయలా. ఇప్పుడు రాస్తన్నా. నేను తప్పు.

పుల్లారావు


పూణే,
12-12-2017

మావయ్యా,

నెల రోజులుగా నీ దగ్గర నుంచి కబురు లేదు. నువ్వు డైరీ పట్టుకుని చేల వెంట తిరుగుతున్నావనీ, ఎలక్షన్లో నిలబడతావేమోనని ఊళ్ళో అనుకుంటున్నారనీ అమ్మ చెప్పింది. నువ్వు ఏం చేస్తున్నావో నాకు అర్థమైంది.

లెక్క ఆపెయ్ మావయ్యా. నాకు కోపం వచ్చింది నీమీద కాదు. ఆ కొలత మీద కోప్పడటానికి వీల్లేదు, అది సరిగ్గా ఉంది. సార్ మీద కోప్పడలేను, ఆయనదీ పోయింది. మిగిలింది నువ్వు. బాబాయ్ పేరు ఎత్తాల్సింది కాదు.

థీసిస్ అట్లాగే రాసెయ్యమన్నారు సార్. మోడల్ ఇదీ, దాని ప్రకారం జరగాల్సింది ఇదీ, జరగలేదు కాబట్టి ఇది తప్పు. అదీ థీసిసేనట. రెండొందల పేజీలు కట్టి ఆఖరి పేజీలో కూలగొట్టటం. పొద్దున లైబ్రరీకి పోతాను, ఫైలు తెరుస్తాను, సాయంత్రం మూసి వస్తాను. ఒక్క అక్షరం పడటం లేదు. మా అంతస్తులో పదకొండు మందిమి ఉన్నాం. లోకంలో నూటికి డెబ్భై పాళ్ళు ఏంటో తెలియదని అందరం బాగా తెలుసుకున్నవాళ్ళమే. ఏదో ఒకటి తెలుసు అనుకునే మనిషి ఒక్కడైనా నాకు కావాలి. అది నువ్వు. కాయ పట్టుకుని నడుస్తూ ఉండు.

లెక్క ఇప్పటికే అయిపోయి ఉంటే నాకు పంపొద్దు.

ప్రశాంతి


వెల్దుర్తి మండలం,
21-1-2018

అమ్మాయ్,

పంపొద్దన్న ఉత్తరం వచ్చేటప్పటికి పంపింది నీకు చేరే ఉంటది. పోస్టాఫీసు వాళ్ళు దేన్నీ పోగొట్టరు, పోగొట్టాల్సినప్పుడు కూడా.

తెలుసు అనుకునే మనిషి కావాలన్నావ్. ఆ ఉద్యోగం నేను మానేశా. కొబ్బరికాయ మీ అత్తకిచ్చి పచ్చడి చెయ్యమన్నా. చేసింది. నాకు సయించలా.

సంక్రాంతి పోయిన మూడో రోజు దేవానందం వచ్చాడు. రెండెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేశాడు. పాత బోరు ఎండింది, పూత రాలిపోతంది. ఆసామి ఒక్క బోరుకి ఒప్పుకున్నాడంట, ఒక్కటంటే ఒక్కటి. నన్ను పాయింటు పెట్టమన్నాడు.

అమ్మాయ్, నేను నిజం చెప్పా. మంచం మీద కూర్చోబెట్టి డైరీ చూపించి మరీ చెప్పా. నూట పన్నెండు, యాభై ఒకటి, లారీ టైర్లు, మొత్తం. నా రక్తం కూడా ఓ పాజిటివ్ కాదురా దేవానందం అని చెప్పా. వాడు గుడ్లప్పగించి విని, ఒక్కసారి నవ్వటం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి దగ్గొచ్చి మీ అత్తని మంచినీళ్ళు అడిగాడు. "ఇవాళ మావ మంచి హుషారు మీదున్నాడత్తా, నాకు పడతయ్" అన్నాడు.

ముప్ఫై ఏళ్ళుగా ఊళ్ళో నేను ఏం మాట్లాడినా నవ్వుతన్నారు. నవ్వించాలనే మాట్లాడా. ఆ మాటకారితనమంతా ఆ రోజు నాకు అడ్డమొచ్చింది.

పోనీ చేను చూసి పో మావా, కాయ కూడా వద్దు అన్నాడు. చేను చూస్తే తప్పేందిలే అని పోయా. గట్టు దాటేటప్పుడు కాలికి తుమ్మముల్లు దిగింది. ఒంటి కాలి మీద నిలబడి ముల్లు తీసుకుంటన్నా. తీసుకుని చూస్తే దేవానందం నా కాలు పక్కన రాయి పెడతన్నాడు. వాడి భార్య అప్పటికే పసుపు కలుపుతంది. ముల్లురా ఇది, ముల్లు, అని చేతిలో పెట్టి చూపించా. దాన్ని కూడా కళ్ళకద్దుకున్నాడు.

లారీ వచ్చింది. నేను ఇంట్లో ముసుగు పెట్టుకుని పడుకున్నా. మూడొందల పది అడుగుల్లో రెండంగుళాల నీళ్ళు.

డప్పులతో వచ్చి నన్ను మంచంతో సహా లేపుకుపోయి బురదలో నిలబెట్టారు. అందరి కేకల్లో నేను ఏడుస్తన్నానని ఎవరికీ తెలియలా. సంతోషం పట్టలేకపోతన్నాడు అనుకున్నారు. దేవానందానికి పడినందుకు నాకు సంతోషమే. పడకపోతే వాడు ఏమయ్యేవాడో తలుచుకోబుద్ధి కాదు.

మర్నాటి నుంచి గడపలో జనం. డైరీ తీసి చూపిస్తే ఇంకా నవ్వుతన్నారు. పుల్లారావుకి ఇక కాయ కూడా అక్కర్లా, కాలు ఆగితే చాలు అంటన్నారు. నేను మానేద్దామనుకున్నా, వీళ్ళు నాకు ప్రమోషన్ ఇచ్చారు.

ఏం చెయ్యమంటావ్?

మావయ్య


పూణే,
1-2-2018

మావయ్యా,

ఒక్క కొలత ఒక మోడల్‌ని చంపగలదు. ఒక్క కొలత ఏ మోడల్‌నీ బతికించలేదు. దేవానందం బోరు ఏదీ రుజువు చెయ్యదు. నూట పదమూడులో యాభై రెండయింది, అంతే. నువ్వు ఏమీ పెట్టలేదు కాబట్టి అది కూడా కాదు.

ఎవరొచ్చినా చూడనని చెప్పు. జోక్ వెయ్యొద్దు, కారణాలు చెప్పొద్దు, డైరీ తియ్యొద్దు. చూడను అనే ఒక్క మాట చెప్పి లోపలికి పో. ఒక్కరికి చూసినా ఇంకో ఇరవయ్యేడేళ్ళు. ధనలక్ష్మి పిన్నికి మాత్రం వివరంగా చెప్పాలి, ఆ మూడూ ఊరికే చెప్పినవని. ఆమెకి తెలిసే హక్కు ఉంది.

నీ లెక్క నాకు ఉపయోగపడింది. అది చదివిన రోజు లైబ్రరీకి పోయి మొదటి అధ్యాయం రాశాను. నేను తప్పు అని నువ్వు రాసినంత తేలిగ్గా రాయటం లేదు. రోజుకి అర పేజీ. జూలైలో ఫెలోషిప్ అయిపోతుంది. ఆ తర్వాత ఏంటో నాకు తెలియదు. కొత్త మోడల్ ఏదైనా ఎత్తుకో అంటున్నారు. ఎత్తుకుంటే మళ్ళీ ఏదో ఒక రోజు చప్పట్లు కొట్టాలి. చేతులు రావటం లేదు.

చూడనని చెప్పు మావయ్యా. గట్టిగా.

ప్రశాంతి


వెల్దుర్తి మండలం,
18-2-2018

అమ్మాయ్ ప్రశాంతీ,

నువ్వు చెప్పినట్టే చేశా. చూడను అన్నా. జోక్ వెయ్యలా. పదహారు మందిని పంపించేశా. కొందరు తిట్టుకుంటా పోయారు, నాకు అదొక హాయిగా ఉంది.

మొన్న శుక్రవారం ధనలక్ష్మి వచ్చింది. కోటేశ్వరరావు పోయినాక మా ఇంటికి రావటం ఇదే. నూజెండ్ల నుంచి వాళ్ళ తమ్ముడు వచ్చి బోరు వేయిస్తానన్నాడంట. అన్నయ్యా, ఒక్కసారి చేలోకి రా అంది.

అందరికీ చెప్పినట్టే చూడనమ్మా అన్నా. లోపలికి పోవాలి గదా, కాళ్ళు పోలా. ఆమె కొంగు సర్దుకుని చానా నెమ్మదిగా, "నాకు తెలుసులే అన్నయ్యా. నాలాంటిదాని చేలో కాలు పెడితే నీ చేతికి చెడు. నేనే ఆలోచించుకోవాల్సింది" అంది.

మొగుడు పోయినదాన్నని నేను రానన్నానని అనుకుంది. కాదమ్మా అన్నా. అప్పుడు నువ్వు చెప్పమన్నది చెప్పటానికి కూర్చున్నా. ఆ మూడూ నాకు తెలిసి పెట్టినయ్ కాదు ధనలక్ష్మీ, నాకేమీ తెలియదు, బావకి నేను చెప్పింది ఊరికే నోటికొచ్చింది అన్నా. ఈ ముక్క అనటానికి నాకు రెండేళ్ళు పట్టింది.

ఆమె విని, "అట్టా అనొద్దన్నయ్యా" అంది. "నీకు తెలుసు. మా నేలలో లేవు, అందుకే పడలా. ఆయన చేసింది ఆయన చేసుకున్నాడు. నీకే తెలియదంటే ఆయన దేనికోసం పోయినట్టు?"

నువ్వు ఉంటే దీనికి ఏం చెప్పేదానివో నాకు తెలియదు. నేను చెప్పులేసుకుని ఆమె వెనకాల బయల్దేరా.

రెండేళ్ళ తర్వాత ఆ చేలో కాలు పెట్టా. మూడు బోర్లకీ మూడు కేసింగు గొట్టాలు, వాటి నోట్లో గోనెసంచులు కుక్కి ఉన్నయ్. చేను అంతా చూసి పోదాం, రానన్నానని ఆమె అనుకోకుండా ఉంటే చాలు అనుకున్నా. పది అడుగులు వేసి వెనక్కి చూస్తే ఆమె చేతిలో రాయి ఉంది.

అప్పుడు తెలిసింది అమ్మాయ్, నేను ఎక్కడా ఆగటానికి లేదని.

నడిచా. తూర్పు గట్టు దాకా పోయి, అక్కడ తిరగటానికి ఆగకుండా వంపు తీసుకుని, పడమటి గట్టుకి వచ్చా. నేను నెమ్మదిస్తే ఆమె దగ్గరికొస్తంది, వేగంగా పోతే వేగంగా వస్తంది. ఆమె తమ్ముడు గట్టు మీద నిలబడి దణ్ణం పెట్టుకుని చూస్తన్నాడు. నాలుగెకరాల చేను ఎన్ని సార్లు చుట్టానో లెక్కపెట్టలా. ఎండ నెత్తికెక్కింది. బయటికి పోదామంటే గట్టు ఎక్కేటప్పుడు కాలు ఆగుద్ది. నడుస్తా నడుస్తానే చెప్పా, ధనలక్ష్మీ, ఆ రాయి పడెయ్యమ్మా, ఇంటికి పోదాం అని. నువ్వు కంగారు పడకన్నయ్యా, నిదానంగా చూడు అంది.

నాకు యాభై ఆరు. కుడి మోకాలు ముందు పోయింది. ఇంకో చుట్టు లాక్కొచ్చా. తర్వాత కూర్చుండిపోయా.

ఆమె నా పక్కన వంగి రాయి పెట్టింది.

నేను మోకాలు నొప్పికి కూర్చున్నానమ్మా, నీళ్ళకి కాదు అని చెప్పా. ఆమె నవ్వింది. ఆయన పోయినాక ఆమె నవ్వటం ఇదే మొదలని గట్టు మీద నుంచి వాళ్ళ తమ్ముడు ఏడుస్తా చెప్పాడు. నన్ను చెరో చెయ్యీ పట్టుకుని లేపారు. ఇంటి దాకా దింపి పోయారు.

ఆ రాయి తీసెయ్యమని నిన్న మళ్ళీ పోయి అడిగా. పసుపు పూసేశామన్నయ్యా, కదిలించకూడదు అంది.

లారీ బుధవారం వస్తది. మీ అత్త పక్కింటోళ్ళకి చెప్పకుండా దీపం పెడతంది. నేనూ మొక్కుకుంటన్నా, ఎవరికో తెలియదు, నీళ్ళు పడాలనే. పడితే నేను బతికినంత కాలం ఈ జనం నా కాళ్ళ వెంట రాళ్ళు పట్టుకుని తిరుగుతారు. తెలిసే మొక్కుకుంటన్నా. పడకపోతే అది నాలుగోది.

ఈ ఉత్తరం నీకు అందేటప్పటికి బుధవారం అయిపోయి ఉంటది. ఏం తేలిందో నన్ను అడగొద్దు. మీ అమ్మని కూడా అడగొద్దు. నువ్వు రోజూ రాసే ఆ అర పేజీ మాత్రం రాయి. అది నీ దగ్గర ఎవరూ లాక్కోలేరు.

మోకాలికి కాపడం పెట్టుకుంటన్నా.

మావయ్య